మూడు రోజుల్లో విశాఖలో ఏమేం చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. జూన్‌లో మా కాపురం హైదరాబాద్ నుంచి విశాఖపట్నం మారుస్తున్నాం. ఆఫీసు రుషికొండ ఐటీ హిల్స్‌లో. ఇల్లు ఖాయం చేసుకునే ముందు నేనూ మా ఆవిడా మూడు రోజులు వచ్చి చూసుకుందామనుకుంటున్నాం.

మధురవాడ ఆఫీసుకు దగ్గరే. కానీ మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా కూరగాయలు మాత్రం తనే ఏరుకుని తెచ్చుకోవాలి. అందుకే రైతుబజారు ఉన్న ఎంవీపీ కాలనీ వైపు మనసు లాగుతోంది. అక్కడి నుంచి ఉదయం తొమ్మిదికి బయల్దేరితే హనుమంతవాక జంక్షన్ దాటడం కష్టమా? బీచ్ రోడ్డు మీదుగా వెళ్లడమే మేలా?

నీళ్ల గురించి చాలా టెన్షన్‌గా ఉంది. ఇక్కడ హైదరాబాద్‌లో ఒకసారి దెబ్బతిన్నాం. ఆదివారం పొద్దున చూసి ముచ్చటపడి దిగిన ఇంట్లో ఏప్రిల్ వచ్చేసరికి కుళాయి తిప్పితే గాలి శబ్దమే. ఓనరు ముందు ఒక్క మాట చెప్పలేదు. రాత్రి పదింటికి బిందెలతో ట్యాంకర్ కోసం నిలబడేవాళ్లం. ఈసారి ఎవరిని అడిగితే నిజం తెలుస్తుంది? వాచ్‌మన్‌నా, పక్కింటివాళ్లనా?

ఉప్పుగాలికి గ్రిల్స్, ఏసీలు తుప్పు పడతాయంటున్నారు. సముద్రానికి ఎంత దూరంలో తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది? అక్కడ ఉంటున్నవాళ్లు దయచేసి చెప్పండి.