ఊరకుండుడి: తిట్టా, ఓదార్పా?

మొన్న సోమవారం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ముందున్న ఆటో వెనక అద్దం మీద ఎర్రటి అక్షరాల్లో బైబిల్ వాక్యం: "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి. కీర్తన 46:10". ఆ ఆటో అతను మాత్రం ఊరికే ఊరికే హారన్ కొడుతున్నాడు. బండి మీద నా వెనక కూర్చున్న మా అమ్మాయి (ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం) కూడబలుక్కుని చదివి, "నాన్నా, ఊరకుండుడి అంటే నోరు మూసుకోమనా? దేవుడు అలా తిడతాడా?" అంది. అవుననలేను, కాదనలేను. ఇంతలో సిగ్నల్ పడింది. "ఇంటికెళ్లాక చెప్తాలే" అన్నాను. ఇంటికెళ్లి నిఘంటువు తీశాక గానీ నాకూ తెలియలేదు, ఇది ఒక్క ముక్కలో చెప్పే మాట కాదని.

వ్యాకరణం వరకు పేచీ లేదు. 'ఉండుడి' గ్రాంథికంలో బహువచన విధి, ఇప్పటి 'ఉండండి'. 'దేవుడనని' అంటే దేవుడను, అని. వాడుకలో 'దేవుణ్ణి అని'. చిక్కంతా 'ఊరక' దగ్గరే. ఊరికే వచ్చాను అంటే పనేమీ లేకుండా వచ్చాను. ఊరికే ఇచ్చాడు అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. టీవీలో నగల ప్రకటన పుణ్యమా అని డబ్బులు ఊరికే రావని పసిపిల్లలక్కూడా తెలుసు. పోతన నందుడు గర్గమునితో "ఊరక రారు మహాత్ములు" అన్నప్పుడు కారణం లేకుండా రారని. ఊరికే ఊరికే ఫోన్ చేయకు అంటే మాటిమాటికీ చేయకని. అదే మాటకి 'కొను' చేరితే కథ మారిపోతుంది. 'చూస్తూ ఊరుకోం' అని ధర్నాల్లో అరుస్తారు. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని 'ఊరుకో, ఊరుకో' అంటారు. ఒకే మాటతో బెదిరిస్తాం, బుజ్జగిస్తాం.

బైబిల్ చదివేవాళ్లూ, చదవనివాళ్లూ, మీ చెవికి ఈ వాక్యం ఎలా వినిపిస్తుందో మన గ్రూపులో రాయండి. నేను చర్చికి వెళ్లే మనిషిని కాను. అడిగింది భాష కోసమే.

కరీంనగర్ నుంచి:

తమ్మీ, మా దిక్కు 'ఊకో' అంటం. చావు జరిగిన ఇంట్ల ముసలమ్మలు పక్కన కూసోని అనేది అదొక్క మాటే: "ఊకో బిడ్డా, ఊకో." వేరే ఏం అనరు. ఏం అన్నా తప్పైతదని వాళ్లకు తెలుసు. అదే ముసలమ్మ పిలగాడు అల్లరి చేస్తే "ఊకుంటవా, ఊకోవా?" అంటది. 'ఊకె' అంటే మాటిమాటికీ. పనిలేకుండా అనేదానికి మాకు 'ఉత్తగ' వేరే ఉన్నది. "ఉత్తగనే వచ్చిన." అందుకే మా ఇంట్ల ఈ వాక్యం చదివితే 'పనిలేకుండ కూసో' అన్నట్టు ఎన్నడూ వినిపియ్యలే. ఏడుపు ఆపు, నేనున్న అన్నట్టే వినిపిస్తది.

తిరుపతి నుంచి:

మా వైపు 'గమ్మునుండు' అంటాం. ఆ మాట పెట్టి అనువదించి ఉంటే సగం చిత్తూరు జిల్లా భయపడేది. మా అమ్మ గమ్మునుండు అందంటే చేతిలో గరిటె ఉందని అర్థం.

పక్కనే తమిళం కాబట్టి ఇంకోటి చెప్తాను. తమిళ బైబిల్లో ఇక్కడ 'అమర్ందిరుందు' అని ఉంది. అమర్ అంటే కూర్చోవడం, కుదురుకోవడం. మనం 'అమరింది' అంటాం చూడండి, అట్లాంటిది. కుదురుగా కూర్చుని, అప్పుడు నేనే దేవుణ్ణని తెలుసుకోండి అని ఒకదాని మీదుగా ఇంకొకటి. తెలుగులో రెండూ రెండు ఆజ్ఞలు: ఊరకుండుడి, తెలిసికొనుడి. మధ్యలో 'అప్పుడు' అనేది వినేవాడే వేసుకోవాలి.

మన ఊరకకి తమిళంలో అచ్చంగా సరిపోయేది 'సుమ్మా'. సుమ్మా వచ్చాను, సుమ్మా ఇచ్చాడు, సుమ్మా ఇరు. తిరువణ్ణామలైలో పుట్టిన భక్తకవి అరుణగిరినాథర్‌కి మురుగన్ చేసిన ఉపదేశం 'సుమ్మా ఇరు'. అదే ఊళ్లో కొండ కింద ఉన్న రమణ మహర్షి (1879–1950) ఆ మాటని ఎంత పట్టుకున్నారో తెలిసిందే. వేదాంతమంతా బైబిల్లోని రెండు వాక్యాల్లో ఉందని ఆయన చెప్పేవారు. ఒకటి నిర్గమకాండం 3:14, 'నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను'. రెండోది మీ ఆటో అద్దం మీదిదే.

గుంటూరు నుంచి:

రమణుల మీద గౌరవంతోనే ఒక మాట. నేను క్రైస్తవ వేదాంత కళాశాలలో హెబ్రీ (ఈ కీర్తన మూలభాష) నేర్చుకున్నవాణ్ణి, ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు చెబుతున్నవాణ్ణి. ఈ వచనం డిసెంబర్ 31 రాత్రి చర్చిలో వాగ్దానం కార్డుల్లో పంచుతాం, నెమలి బొమ్మతోనో జలపాతం బొమ్మతోనో. ఆ బొమ్మలు చూసి ఇదేదో చెట్టు కింద ప్రశాంతంగా కూర్చుని చెప్పిన మాట అనుకుంటాం. కానీ ఆ కీర్తన మొదటి నుంచీ చదవండి. భూమి మారిపోతోంది, పర్వతాలు నడిసముద్రంలో మునుగుతున్నాయి, నీళ్లు ఘోషిస్తూ నురుగు కడుతున్నాయి. సరిగ్గా దీనికి ముందు వచనంలో ఆయన విల్లు విరుస్తున్నాడు, బల్లేన్ని తెగనరుకుతున్నాడు, యుద్ధరథాల్ని కాల్చేస్తున్నాడు. ఆ పొగలో వినిపించిన మాట ఇది.

హెబ్రీలో ఊరకుండుడి అన్నచోట ఉన్నది 'హర్పూ'. దాని ధాతువుకి సడలడం, చేతులు వాలిపోవడం అని అర్థం. యెషయా 35:3లో 'సడలిన చేతులను బలపరచుడి' అన్నచోట ఆ 'సడలిన'లో ఉన్నది ఇదే ధాతువు. కీర్తన 37:8లో 'కోపము మానుము' అన్నచోట 'మానుము' కూడా ఇదే. సౌలు రాజు సాకులు చెబుతుంటే సమూయేలు ప్రవక్త ఇక ఆపమన్నదీ ఇదే మాటతో. కాబట్టి హర్పూ అంటే మౌనంగా ఉండమని కాదు, పట్టు వదలమని. కత్తి పట్టుకున్నవాడికైతే కత్తి దించమని. భయంతో పిడికిలి బిగించినవాడికైతే ఆ పిడికిలి విప్పమని.

మౌనానికి హెబ్రీలో వేరే మాటలున్నాయి. నిర్గమ 14:14లో ఎర్ర సముద్రం ముందు 'మీరు ఊరకయే యుండవలెను' అన్నప్పుడు మూలంలో ఉన్నది నోరు మెదపకపోవడం. తెలుగు అనువాదకులు రెండింటికీ ఊరకనే వాడేశారు.

విజయవాడ నుంచి (మొదటి పోస్టు పెట్టింది నేనే):

పాస్టరు గారూ, అయితే అనువాదం తప్పంటారా? నాకైతే ఉల్టాగా అనిపిస్తోంది. మీరు చెప్పిన హర్పూకి ఇంతకన్నా దగ్గరి మాట తెలుగులో ఏదుంది? కుళాయి దగ్గర ఇద్దరు బిందెలతో కొట్టుకోబోతుంటే పెద్దాయన వచ్చి "ఊరుకోండమ్మా" అంటాడు. మౌనంగా ఉండమనా? కాదుగా, ఎత్తిన బిందె దించమని. 'వాడు అన్ని మాటలన్నా ఊరుకున్నాను' అంటే తిరిగి కొట్టగలిగీ కొట్టలేదని. చేతకాక ఊరుకోవడాన్ని మనం ఊరుకోవడం అనం, నోరు పడిపోయిందంటాం. పట్టు వదలడం, ఏడుపు ఆపడం, కారణమేమీ లేకుండా అలా ఉండిపోవడం, మూడూ ఒక్క మాటలో పట్టాయి. 'మౌనముగా నుండుడి' అని వేసుంటే రెండు పోయేవి. 'ప్రశాంతముగా' అని వేసుంటే టీ పొడి ప్రకటనలా ఉండేది.

ఊరట, ఊరడింపు కూడా చెవికి ఈ ఇంటి చుట్టాల్లాగే వినిపిస్తాయి.

హైదరాబాద్ నుంచి:

చెవికి వినిపించినంత మాత్రాన చుట్టరికం కలపకండి మాస్టారూ, మన గ్రూపులో ఇది పాత జబ్బు. మీ వాదనకి 'ఊరుకో' ఒక్కటి చాలు, ఊరటని లాగక్కర్లేదు.

గ్రీకు అనువాదంలో ఊరకుండుడి అన్నచోట 'స్కొలాసతె' అని ఉంది, తీరిక చేసుకోండని. దాని వెనకున్న 'స్కొలె' అంటే తీరిక. మన స్కూలు అనే మాట అక్కణ్ణించే వచ్చింది! లాటిన్‌లో 'వకాతె', ఖాళీగా ఉండండని. వేకెన్సీ, వెకేషన్ ఆ కుటుంబానివే. ఐటీలో పనిచేస్తున్నవాడిగా నాకు ఈ తీరిక అర్థమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. కత్తి దించమంటే దించుతాను. ఫోన్ దించమంటేనే టెన్షన్.

అయినా ఒక అనుమానం. అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చున్నప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు, ఊరకుండుడి అని చెప్పడం అన్యాయం కాదా? ఊరకుంటే ఎవరు తీరుస్తారు?

గుంటూరు నుంచి:

ఆ నిర్గమకాండం తర్వాతి వచనం చదివితే మీకే నవ్వొస్తుంది. 14:14లో మీరు ఊరకయే ఉండాలని మోషే అంటాడు. 14:15లో దేవుడు మోషేతో, "నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి అని ఇశ్రాయేలీయులతో చెప్పుము" అంటాడు. ఊరకుండడమూ సాగిపోవడమూ పక్కపక్కనే. నోరు ఊరకుండాలి, కాళ్లు నడవాలి. యెషయా 30:15లోనూ అంతే: 'మీరు ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును'. అష్షూరు (అస్సీరియా) సైన్యం మీదికొస్తున్న రోజులవి. యూదావాళ్లేమో ఐగుప్తు (ఈజిప్టు) సాయం కోసం పరిగెడుతున్నారు. కాదు, గుర్రాలెక్కి పారిపోతాం అంటారు తర్వాతి వచనంలో. ఊరకుండడానికి అక్కడ ఎదురుమాట పని కాదు, పరుగు.

తిరుపతి నుంచి:

నిమ్మళం అనే మాట మర్చిపోయారు. ఏలీయా ప్రవక్త కొండ మీదున్నప్పుడు పెనుగాలి, భూకంపం, మెరుపు, అన్నీ అయ్యాక 'మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము'. మార్కు 4:39లో తుఫాను రేగిన సముద్రంతో యేసు 'నిశ్శబ్దమై ఊరకుండుము' అంటాడు, గాలి అణిగి 'మిక్కిలి నిమ్మళమాయెను'. ఊరకుండుమంటే అయ్యేది నిమ్మళం. జ్వరం తగ్గినవాణ్ణి మా ఊళ్లో ఇప్పటికీ 'నిమ్మళంగా ఉందా?' అనే అడుగుతాం.

ఒంగోలు నుంచి:

నేను భాషా పండితురాల్ని కాను, నర్సుగా చేసి రిటైరయ్యాను. మీరంతా మాట గురించి రాస్తున్నారు, చెయ్యి గురించి ఎవరూ రాయలేదు.

వార్డులో ముప్పై ఏళ్లు ఈ మాట అన్నాను. ఊరుకోమ్మా అన్నప్పుడు నా చెయ్యి వాళ్ల వీపు మీదో తల మీదో ఉండేది. నేను ఆలోచించి పెట్టింది కాదు, మాటతో పాటే వెళ్లేది. 2021 మేలో కోవిడ్ వార్డులో కిట్లు వేసుకుని పనిచేశాం. లోపలున్నవాళ్ల సంగతి బయటివాళ్లకి ఫోన్లోనే చెప్పాలి. ఒకమ్మాయి, వాళ్ల నాన్న లోపల ఉన్నాడు, ఆక్సిజన్ ఎంత, తిన్నాడా, పిలిస్తే పలుకుతున్నాడా అని అడిగిందే అడిగి ఏడుస్తోంది. ఎప్పట్లాగే "ఊరుకో తల్లీ" అన్నాను. టక్కున ఏడుపాగింది. "నన్నెందుకు కసురుతున్నారు మేడమ్?" అంది. నా గొంతు మారలేదు. చెయ్యే లేదు, అంతే. ఆ తర్వాత ఫోన్లో ఆ మాట వాడటం మానేశాను. "వింటున్నాను, చెప్పు" అనేదాన్ని.

వాళ్ల నాన్న తొమ్మిదో రోజు ఇంటికెళ్లాడు. ఆ అమ్మాయి గేటు దగ్గర నన్ను గుర్తుపట్టలేదు, కిట్లో ఉన్నాను కదా. గొంతు విని గుర్తుపట్టింది.

మీ పాపకి చెప్పండి, తిట్టా ఓదార్పా అన్నది మాటలో ఉండదని.

విజయవాడ నుంచి:

చెప్పానమ్మా. పోస్టు మొత్తం చదివి వినిపించాను. విని, "మరి ఆటో స్టిక్కర్‌కి చెయ్యి ఉండదుగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పాస్టరు గారికి వదిలేస్తున్నాను.

ఇంకో చిన్న సంగతి రాసి ముగిస్తాను. అదే స్టిక్కరున్న ఆటో ఇంకోటి మా వీధి చివర స్టాండులో ఉంది. నిన్న కూరగాయలు ఇంటికి తెచ్చుకోవడానికి ఎక్కి, ఇది ఎందుకు వేయించావని అడిగాను. "నేను వేయించలేదు సార్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటి నుంచీ ఉంది. పీకితే అద్దం మీద గమ్ము మరక ఉండిపోద్దని ఉంచేశా" అన్నాడు. కాసేపాగి అతనే అన్నాడు: "మజ్జానం బేరం లేనప్పుడు వెనక సీట్లో పడుకుంటా. అప్పుడు సరిగ్గా నెత్తి మీద ఉంటది. లోపల్నుంచి అక్షరాలు తిరగబడి కనపడతయ్. మొదట్లో చదవడం రాలేదు. ఇప్పుడు తిరగబడ్డదే అలవాటైపోయింది."