ఫైర్‌ఫ్లై కథను సినిమాతో ముగించడం అభిమానులకు మేలా, నష్టమా?

చుక్కల పల్లకి:

సగంలో ఆగిపోయిన ప్రతి వైజ్ఞానిక కల్పనా ధారావాహికకూ ఫైర్‌ఫ్లై కథను ముగించిన సెరెనిటీ లాంటి సినిమా ఒకటి దక్కాలని ఈ వేదికపై తరచుగా ఒక కోరిక వినిపిస్తోంది. నేను దానితో ఏకీభవించలేకపోతున్నాను. ఎందుకో కొంచెం వివరంగా చెప్పి, మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

చూడనివారి కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. జాస్ వీడన్ రూపొందించిన ఫైర్‌ఫ్లై 2002 సెప్టెంబరు 20న అమెరికాలో ఫాక్స్ చానెల్‌లో, శుక్రవారం రాత్రుల్లో మొదలైంది. ఇది 2517 నాటి కథ. అంతర్యుద్ధంలో ఓడిన పక్షానికి చెందిన మాల్ రెనాల్డ్స్ అనే మాజీ సార్జెంటు ఒక పాత సరుకుల నౌకను నడుపుకుంటూ ఉంటాడు. సిబ్బంది, ప్రయాణికులు కలిపి అందులో తొమ్మిది మంది. చానెల్ వారు రెండు గంటల ఆరంభ ఎపిసోడ్‌ను పక్కన పెట్టి, రైలు దోపిడీ కథను ముందుగా ప్రసారం చేశారు. పాత్రలను పరిచయం చేయడానికే తీసిన ఆ ఆరంభ భాగం డిసెంబరు 20న, ధారావాహిక రద్దయిన తరవాత, చిట్టచివరన ప్రసారమైంది. తీసిన 14 ఎపిసోడ్లలో అప్పట్లో ప్రసారమైనవి 11 మాత్రమే. 2003 డిసెంబరులో వచ్చిన డీవీడీలు ఎవరూ ఊహించనంతగా అమ్ముడుపోయాయి, హక్కులు యూనివర్సల్ చేతికి వచ్చాయి, 2005 సెప్టెంబరు 30న సెరెనిటీ విడుదలైంది.

ఇక నా అభ్యంతరానికి వస్తాను. ఆ ఆరంభ ఎపిసోడ్‌లో బుక్ అనే మతబోధకుడు నౌక ఎక్కుతూ, ప్రయాణ ఛార్జీలో భాగంగా ఒక చిన్న చెక్కపెట్టె ఇస్తాడు. దాన్ని తెరిచి చూసిన కేలీ, ఇంజన్ గదిలో నూనె మరకల మధ్య బతికే ఆ అమ్మాయి, లోపలున్న స్ట్రాబెరీలను చూసి ముఖం ఎంత వెలిగిపోతుందో గుర్తుందా? తరవాత ఒక పండును నోట్లో పెట్టుకుని ఆమె పొందే ఆనందాన్ని కెమెరా తీరుబడిగా చూస్తుంది. డబ్బాల్లోని పోషక పదార్థంతో కడుపు నింపుకునే ఆ నౌకలో తాజా పండు ఎంత అపురూపమో మనకు ఎవరూ వివరించనక్కర లేదు. ఫైర్‌ఫ్లై అంటే నాకు అదే. 119 నిమిషాల సినిమాలో అటువంటి ఘట్టానికి చోటు లేదు. దాని బదులు ఒక పెద్ద రహస్యం, ఒక శత్రువు, ఒక ఆఖరి పోరాటం ఉన్నాయి. పైగా ధారావాహికలో సైమన్ అనే డాక్టరు డబ్బిచ్చి తెలియని మనుషుల చేత చెల్లెలు రివర్‌ను ప్రభుత్వ నిర్బంధం నుంచి బయటకు రప్పించుకున్నానని చెబితే, సినిమాలో తానే మారువేషంలో వెళ్లి విడిపిస్తాడు. రివర్‌ను వెంటాడిన నీలిరంగు చేతితొడుగుల మనుషులు సినిమాలో కనిపించనే కనిపించరు. వారి కథను ఒక కామిక్ పుస్తకంలో ముగించేశారు. ఇది ముగింపా, లేక వేరే కథా?

పాత డీవీడీ:

చుక్కల పల్లకి గారు స్ట్రాబెరీ విషయంలో చెప్పింది నిజమే. కానీ ఆ న్యాయంతో చూస్తే, మిగిలిన కథ ఎప్పటికీ తెలియకుండా పోయినా ఫరవాలేదని ఒప్పుకోవలసి వస్తుంది. అందుకు నేను సిద్ధంగా లేను.

ధారావాహికలో మనల్ని భయపెట్టినవి రెండు. ఒకటి అంతర్యుద్ధంలో గెలిచిన అలయన్స్ ప్రభుత్వం, రెండోది రీవర్లు. మనుషులను బతికుండగానే చీల్చి తినే ఆ మూక ఎక్కడినుంచి వచ్చిందో 14 ఎపిసోడ్లలో ఎవరూ సరిగా చెప్పరు. అంతరిక్షపు అంచుకు పోయి ఆ శూన్యాన్ని చూసి పిచ్చెక్కినవారని ఒక పుకారు మాత్రం ఉంటుంది. సినిమా ఆ రెండు భయాలనూ ఒకే కారణానికి ముడివేసింది. మిరాండా అనే గ్రహంలో జనాన్ని శాంతపరచడానికి గాలిలో ప్యాక్స్ అనే మందు కలిపారు. మందు పనిచేసింది, అవసరానికి మించి పనిచేసింది. మూడు కోట్ల మంది పని మానేశారు, మాట మానేశారు, తిండి మానేశారు, ఉన్నచోటనే పడుకుని ప్రాణాలు వదిలారు. చాలా కొద్దిమందిలో మాత్రం అది తిరగబడి, వారే రీవర్లయ్యారు. కుర్చీల్లో, కార్లలో, గాయమన్నది లేకుండా కూర్చున్నచోటనే ఎండిపోయిన ఆ శవాల మధ్య సిబ్బంది నడుస్తున్నప్పుడు, మనుషులను మంచివాళ్లుగా తీర్చిదిద్దుతామనే పాలకులంటే మాల్‌కు ఎందుకంత ఏవగింపో మొదటిసారి పూర్తిగా అర్థమవుతుంది. యుద్ధంలో ఓడినవాడి కోపం మాత్రమే కాదది. ఈ జవాబు సినిమా లేకపోతే మనకు దొరికేది కాదు.

సినిమా మొదట్లో మాల్ పైలట్ గదినుంచి కింది సరుకుల గది వరకు నడుస్తూ ఒక్కొక్కరితో మాట్లాడే ఆ సుదీర్ఘమైన షాట్‌ను మరోసారి చూడండి. తొమ్మిది మందిలో అప్పుడు నౌకలో ఉన్నవారెవరో, ఒకరికొకరు ఏమవుతారో, నౌక ఎంత శిథిలమయిందో కొత్తవారికి అందులోనే తెలిసిపోతుంది. సమయం తక్కువైనప్పుడు దర్శకుడు చేయవలసిన పని అదే.

ఓరుగల్లు వాసి:

పైలట్ వాష్‌ను చంపడం గురించి ఎవరూ మాట్లాడరేం? నా వరకు ఈ చర్చ మొత్తం అక్కడే ఉంది.

వేమవరం వీక్షకురాలు:

ఓరుగల్లు వాసి గారు అడిగారు కనుక ఆ విషయమే రాస్తాను, ఎందుకంటే అభిమానులు రెండుగా చీలిపోయింది అక్కడే.

సందర్భం గుర్తు చేసుకుందాం. అలయన్స్ నౌకలకూ రీవర్ల నౌకలకూ మధ్య నిప్పుల వానలోనుంచి వాష్ నౌకను తప్పించుకుంటూ వస్తాడు. వెంటబడిన రీవర్ల దాడిలో విద్యుత్తు వ్యవస్థ చచ్చిపోతుంది. అయినా ఆ ఇనుపముద్దను గాలిలో తేలుస్తూ తెచ్చి, ఈడ్చుకుంటూ, ఒకవైపుకు తిప్పుతూ నేలమీద ఆపుతాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అతను ఏదో చెప్పబోతుండగా ముందు అద్దాన్ని బద్దలు కొట్టుకుని వచ్చిన ఈటె అతని గుండెలోనుంచి దూసుకుపోతుంది. భార్య జోయీ అతన్ని లేవమని బతిమాలుతున్న రెండు క్షణాల్లోనే మరో ఈటె వస్తుంది, మాల్ ఆమెను లాగేస్తాడు, అంతే. ఏడవడానికి సమయం లేదు, ఆమెకూ లేదు, మనకూ లేదు.

దీన్ని సమర్థించేవారు ఒక మంచి తర్కమే చెబుతారు. తరవాత జరిగే పోరాటంలో కేలీ మెడకు విషపు సూదులు గుచ్చుకుంటాయి, సైమన్‌కు తూటా తగులుతుంది, జోయీ వీపు చీలిపోతుంది. వాష్ పోకపోయి ఉంటే ఇవన్నీ ఉత్తుత్తి గాయాలని, చివరికి అందరూ లేచి నిలబడతారని మనకు ముందే తెలిసిపోయేది. అతను పోయాడు కనుకనే ఎవరైనా పోవచ్చునన్న భయం నిజంగా కలిగింది.

తర్కం బాగుంది, కానీ అది సినిమాకు మాత్రమే వర్తించే తర్కం. పైలట్ గదిలో బల్లమీద ప్లాస్టిక్ డైనోసార్లను పెట్టుకుని వాటిచేత మాట్లాడించిన మనిషిగా వాష్ మనకు తెలుసు. ఆ చనువు సినిమా సంపాదించింది కాదు, ధారావాహిక కూడబెట్టింది. సినిమా దాన్ని పోరాటానికి ఇంధనంగా ఒక్క క్షణంలో కాల్చేసింది. టికెట్టు కొనుక్కుని మొదటిసారి చూసినవారికి అది ఒక ఉలికిపాటు. మనకు అది పోగొట్టుకోవడం. ధారావాహికే కొనసాగి ఈ మరణం జరిగి ఉంటే, తరవాతి ఎపిసోడ్లలో జోయీ ఎలా బతికిందో చూసేవాళ్లం, ఖాళీ అయిన ఆ కుర్చీలో రివర్ కూర్చోవడం కూడా ఇంత సులువుగా జరిగేది కాదు.

నేను సినిమాను ద్వేషించడం లేదు. ఏడాదికొకసారైనా చూస్తాను. అయితే మేలు జరిగిందా అని అడిగితే మాత్రం, కథకు జరిగింది, పాత్రలకు జరగలేదు అంటాను.

డాలస్ తెలుగువాడు:

కథ సంగతి మీరంతా చక్కగా చెబుతున్నారు. నేను డబ్బు సంగతి చెబుతాను. "మేము లేకపోతే ఈ సినిమా లేదు" అన్న గర్వం అభిమానులను ఎక్కడికి తీసుకువెళ్లిందో కూడా ఈ ప్రశ్నలో భాగమే.

తమను బ్రౌన్‌కోట్లని పిలుచుకునే ఈ అభిమానులు ధారావాహిక నడుస్తున్నప్పుడే చందాలు వేసుకుని వెరైటీ అనే సినీరంగ పత్రికలో ప్రకటన వేయించారు. సినిమా విడుదలకు నెలల ముందే, 2005 మే నెలలో, నిర్మాణ సంస్థ 10 నగరాల్లో ముందస్తు ప్రదర్శనలు వేస్తే టికెట్లు చూస్తుండగానే అయిపోయాయి, నగరాల సంఖ్య పెంచుకుంటూ పోయారు. కరపత్రాలు పంచినది అభిమానులు, పోస్టర్లు అంటించినది అభిమానులు. తీరా విడుదలయ్యాక, సుమారు 3.9 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన సినిమాకు అమెరికాలో తొలి వారాంతంలో వచ్చింది కోటి డాలర్ల పైచిలుకు, మొత్తం మీద రెండున్నర కోట్లు. ప్రపంచమంతా కలిపినా దాదాపు పెట్టుబడి అంతే. థియేటర్ల వాటా, ప్రచార ఖర్చు తీసేస్తే అది నష్టమే. రెండో సినిమా ఆశ అక్కడితో ఆగిపోయింది.

మన దగ్గర అభిమాన సంఘం కుర్రాళ్లు సొంత జేబులోంచి ఫ్లెక్సీలు కట్టించి, మొదటి రోజు మొదటి ఆటకు హాలు నింపి, సోమవారం నాటికి హాలు ఖాళీ అయితే తల దించుకుని తిరుగుతారు చూడండి, ఇక్కడా సరిగ్గా అదే జరిగింది. గొంతు పెద్దదైనంత మాత్రాన జనం ఎక్కువని కాదు. అది తెలిసి కూడా లెక్క తప్పింది నిర్మాణ సంస్థది. నింద మోసింది అభిమానులు. ఆ తరవాతి ఏడాది, సొంతంగా చొక్కాలూ పోస్టర్లూ తయారుచేసి అమ్ముకుంటున్న అభిమానులకు లాయరు నోటీసులు వెళ్లాయి. దానికి జవాబుగా అభిమానులు, తాము ప్రచారానికి వెచ్చించిన గంటలన్నీ లెక్కకట్టి సంస్థకే ఒక బిల్లు పంపారు. వసూలు కాదని వారికీ తెలుసు. ఆ బిల్లు చదివితే నవ్వూ వస్తుంది, చిరాకూ వస్తుంది.

చుక్కల పల్లకి:

డాలస్ తెలుగువాడు గారి మాటకు ఒక పాత ఉదాహరణ జోడిస్తాను. స్టార్ ట్రెక్ రద్దు కాబోతోందన్న వార్తతో అభిమానులు ప్రసార సంస్థ ఎన్‌బీసీకి ఉత్తరాలు కుప్పలుగా పంపగా, 1968 మార్చిలో ధారావాహిక కొనసాగుతుందని ఆ సంస్థ టీవీలోనే ప్రకటించింది. విజయమే. కానీ మూడో ఏడాదికి బడ్జెట్ కోసేశారు, శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టేశారు, 1969లో ఆపేశారు. ఆ మూడో ఏడాది ఎపిసోడ్లను గట్టి అభిమానులు కూడా మొహమాటంగానే సమర్థిస్తారు. తరవాత 1979లో సినిమా వచ్చి, ఒకదాని వెనుక ఒకటి నిలదొక్కుకున్నాయనుకోండి. కానీ ఆ పదేళ్లలో పాత ఎపిసోడ్లు స్థానిక చానెళ్లలో పదేపదే తిరిగి కొత్త ప్రేక్షకులను తెచ్చాయి. సెరెనిటీకి ఆ వ్యవధి లేదు. రద్దయిన మూడేళ్లలోపే, ధారావాహిక పేరు కూడా వినని జనం ముందుకు వచ్చి నిలబడింది. తొందరపాటు ఒక కారణమని నా నమ్మకం.

పాత డీవీడీ:

పదేళ్లు ఆగి ఉంటే నటులు వేరే పనుల్లో పడి ఉండేవారు. బుక్ పాత్ర వేసిన రాన్ గ్లాస్ 2016లో కన్నుమూశారు. అవకాశం వచ్చినప్పుడు తీయడమే సరైన పని.

వసూళ్లే కొలబద్ద అయితే నేను ఓడిపోయినట్టే. కానీ ఈ సినిమాకు 2006లో వైజ్ఞానిక కల్పనకు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. 2007లో వ్యోమగామి స్టీవెన్ స్వాన్సన్ ధారావాహిక డీవీడీలతో పాటు సినిమా డీవీడీని కూడా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకువెళ్లారు. మహిళల హక్కుల కోసం పనిచేసే ఈక్వాలిటీ నౌ సంస్థకు నిధుల కోసం 2006 నుంచి అభిమానులు ఏటేటా ఊరూరా వేసిన ప్రదర్శనలు ఈ సినిమావే. 14 ఎపిసోడ్లను ఒక సాయంత్రం హాల్లో వేయలేం కదా. నలుగురూ ఒకచోట కూర్చుని చూసే వస్తువును అభిమానులకు ఇచ్చింది సినిమాయే.

ఓరుగల్లు వాసి:

ఒక పక్కమాట, క్షమించండి. పాత్రలన్నీ కోపం వస్తే చైనా భాషలో తిడతాయి, కానీ నౌకలో చైనా మూలాలున్న ముఖ్యపాత్ర ఒక్కటీ లేదు. ధారావాహికలో ఉన్న ఈ లోటును దిద్దుకునే అవకాశం సినిమాకు వచ్చింది, వాడుకోలేదు. ఇక కొనసాగించండి.

వేమవరం వీక్షకురాలు:

పాత డీవీడీ గారితో ఒక విషయంలో విభేదిస్తాను. ఉన్న దారులు సినిమా, మౌనం అనే రెండు మాత్రమే కావు. ఫార్‌స్కేప్ అనే ధారావాహికను కూడా 2002లోనే రద్దు చేశారు. 2004లో రెండు భాగాల లఘు ధారావాహికతో ముగించారు. అందులోనూ పరుగు ఎక్కువే, అయినా అది పాత ప్రేక్షకుల కోసమే తీసినది కనుక కొత్తవారికి పరిచయాలు చేయడంలో సమయం పోలేదు. సెన్స్8ను 2017లో రద్దు చేసినప్పుడు అభిమానుల ఒత్తిడితో మరుసటి ఏడాది రెండున్నర గంటల ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. దాన్ని ఎపిసోడ్‌గానే తీశారు; ఎవరినీ కొత్తగా హాలుకు రప్పించవలసిన అగత్యం లేకపోయింది. సెరెనిటీ ఒకే సమయంలో ఇద్దరిని మెప్పించాలని చూసింది, ఆ ఇద్దరిలో పాతవారి నుంచే ఎక్కువ త్యాగం అడిగింది.

చుక్కల పల్లకి:

ఈ పద్ధతికైతే నాకు అభ్యంతరం లేదు. అటువంటి లఘు ధారావాహిక ఫైర్‌ఫ్లైకి వచ్చి ఉంటే బుక్ గతం ఏమిటో తెరమీదే తెలిసేది. అలయన్స్ అధికారులు గాయపడిన అతని గుర్తింపు కార్డు చూడగానే చికిత్సకు ఎందుకు పరుగులు తీశారన్న ప్రశ్నను ధారావాహిక వేసింది. సినిమా అతన్ని హేవెన్ అనే ఊళ్లో దించి, గతం చెప్పకుండానే చంపేసింది. జవాబు 2010లో కామిక్ పుస్తకంగా వచ్చింది.

పాత డీవీడీ:

బుక్ గతం చెప్పకపోవడమే నాకు నచ్చింది. చనిపోతూ అతను మాల్‌ను కోరేది దేన్నైనా నమ్మమని, అంతేకానీ దేవుణ్ణి నమ్మమని కాదు. గతం తెలిసిపోతే ఆ మాట ఒక పశ్చాత్తాపపడే సైనికుడి మాటగా కుదించుకుపోయేది. దీన్ని మాత్రం నేను వదులుకోను, చుక్కల పల్లకి గారూ.