బాలల నేరాలు నిజంగా తగ్గాయా? ఆరోగ్యం డబ్బు ముందు ఎవరికి?

గోదారిగట్టు
వేరే చర్చలో ఇది పక్కదారి పట్టింది కాబట్టి విడిగా పెడుతున్నాను. అక్కడ ఒకరు ‘కుర్రాళ్ల నేరాలు పెరిగిపోతున్నాయి, ఆరోగ్య బడ్జెట్‌లో కౌన్సెలింగ్‌కి, మత్తు మాన్పించే డీఅడిక్షన్ కేంద్రాలకి ఎక్కువ ఇవ్వాలి’ అన్నారు. లెక్కలు అలా లేవు. దేశంలో నేరాల లెక్కలు ప్రచురించే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 18 ఏళ్ల లోపువాళ్లు నిందితులుగా ఉన్న కేసులు 2016లో 35,849, 2022లో 30,555. ఇక 60 దాటినవాళ్లు 2011లో 10 కోట్ల పైచిలుకు. 2036కి వాళ్లు 22 కోట్లు దాటుతారని కేంద్రం నియమించిన నిపుణుల బృందమే అంచనా వేసింది. తగ్గుతున్నదానికి డబ్బు పెంచి, పెరుగుతున్న పెద్దవాళ్లని వైద్యానికి ఆగమనడం ఏం లెక్క?

లెక్కలబడి
గట్టు గారూ, ఆ రిపోర్టులో కేసుల పక్కనే రేటు కూడా ఉంటుంది. 2021లో 31,170 కేసులు, లక్ష మంది పిల్లలకి 7.0. 2022లో 30,555 కేసులు, రేటు 6.9. కేసులని రేటుతో భాగించి చూడండి. రెండేళ్లకీ పిల్లల సంఖ్య 44 కోట్ల చిల్లర వస్తుంది. 2011 జనగణనలో 18 లోపు పిల్లలు కూడా సుమారు 44 కోట్లే. పదేళ్లు దాటినా హారం, అంటే కేసులని భాగించే పిల్లల సంఖ్య, కదల్లేదన్నమాట.

ఈలోగా కాన్పులు తగ్గాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. పిల్లలు నిజంగా తగ్గి ఉంటే అసలు రేటు 6.9 కన్నా ఎక్కువ ఉండాలి. పెద్దవాళ్లకేమో 2036 అంచనా చూపిస్తారు, పిల్లలకేమో 2011 సంఖ్య. ఒకే వాదనలో రెండు కాలాలు ఎలా కలుస్తాయి?

గోదారిగట్టు
మాస్టారూ, నేను రేటు అన్న మాటే ఎత్తలేదు. కేసులు అన్నాను. 35,849 పెద్దదా, 30,555 పెద్దదా?

లెక్కలబడి
కేసు అంటే స్టేషన్‌లో రాసుకున్నది. జరిగిన నేరాలన్నీ కాదు. పైగా ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా, వాటిలో పెద్దదాని కింద ఒక్కసారే లెక్కిస్తారు. హారం సంగతి చెప్పకుండా ‘తగ్గింది’ అనకండి.

చింతచెట్టు
2021లో జరగాల్సిన జనగణనని 2027 మార్చి 1 నాటి జనాభాకి చేస్తామన్నారుగా. అదొచ్చాక కొట్టుకోండి.

రాత్రిడ్యూటీ
అప్పటిదాకా వార్డు ఖాళీగా ఉండదు తమ్ముడూ.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుని. మీరిద్దరూ ఉన్న ముద్దని ఎలా పంచాలా అని చూస్తున్నారు. ముద్దే చిన్నదమ్మా. 2025కల్లా ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. 2021-22కి అది 1.84 శాతం. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4 అయింది. తగ్గింది, కాదనను. అయినా నూటికి 39 రూపాయలు ఇంకా రోగి కడుతున్నవే.

డెబ్బై దాటిన అందరికీ 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి. మంచిదే. కానీ ఆ కార్డు ఆసుపత్రి మంచం ఎక్కితేనే పనిచేస్తుంది. రోజూ వేసుకునే బీపీ మాత్రకి పనికిరాదు. పెద్దాయన మాత్ర మానేసి పక్షవాతంతో వస్తే అప్పుడు కార్డు. కుర్రాడికీ అంతే. గంజాయి మొదలుపెట్టినరోజు ఎవరూ ఉండరు, చెయ్యి కోసుకున్నాక మా దగ్గరికి తెస్తారు.

గోదారిగట్టు
అక్కా, మీ మాట కాదనను. కానీ మాస్టారు నా ప్రశ్నకి ఇంకా సూటిగా జవాబు చెప్పలేదు.

మేనమామ_ఒకడు
నేను చెబుతాను. మీ 30,555లో మా అక్క కొడుకు లేడు.

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండలేదని మా బావ ఎనిమిది నెలలు కలిపి రాయించాడు. ఎంతమంది ఇళ్లలో ఇలా జరగలేదు చెప్పండి. ఆ పిల్లాడు పదిహేడున్నర ఏళ్లప్పుడు సెల్‌ఫోన్ దొంగతనం కేసులో దొరికాడు. కాగితం మీద 18 ఏళ్ల 2 నెలలు. మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం పట్టుకెళ్లాం. బాలల కేసులకి వర్తించే జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో బడి పత్రం ముందు, అది లేకపోతేనే జనన పత్రం అన్నారు. పెద్దవాళ్ల జైల్లో పెట్టారు. వాణ్ని బాలల లెక్కలో వెయ్యలేదు. నేరాలు తగ్గాయని మీరు సంతోషపడుతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

లెక్కలబడి
ఇది చాలా ముఖ్యం. 2022లో పట్టుబడ్డ పిల్లల్లో నూటికి దాదాపు 79 మంది 16-18 మధ్యవాళ్లే. ఆ గీత దగ్గర వయసు కొన్ని నెలలు అటూ ఇటూ అయితే మొత్తం లెక్కే మారిపోతుంది.

గోదారిగట్టు
మాస్టారూ, చాలు. ఒక్కడి కథతో దేశం లెక్క మారదు. కథలే కావాలంటే నాదీ వినండి.

మా నాన్నకి 73. ఆధార్ కార్డు మీద 67. అది తీయించినరోజు అక్కడ కూర్చున్న కుర్రాడు ముఖం చూసి సంవత్సరం వేశాడు. దిద్దించుకోవడానికి మూడుసార్లు వెళ్లాం. పుట్టిన తేదీకి కాగితం తెమ్మంటారు. మంత్రసాని చేతుల్లో పుట్టినవాడికి కాగితం ఎక్కడిది? డెబ్బై దాటినవాళ్ల పథకం వచ్చిందని టీవీలో చూసి ఆయన సంబరపడ్డాడు. ఇంకా మూడేళ్లు ఆగాలని నేనే చెప్పాల్సి వచ్చింది. గుండె ఆపరేషన్‌కి అప్పు చేశాం. నలభై ఏళ్లు ఎండలో పనిచేసి ఎవరి సొమ్మూ ముట్టని మనిషి వరసలో వెనక నిలబడాలా, సెల్‌ఫోన్ కొట్టేసిన దొంగకి ముందు కౌన్సెలింగ్ ఇవ్వాలా?

మేనమామ_ఒకడు
దొంగ అని మీరు తేల్చేశారా? కోర్టు ఇంకా తేల్చలేదు.

నీలిమబ్బు
చర్చ మర్యాదగా సాగనివ్వండి.

మేనమామ_ఒకడు
మర్యాదగానే అడుగుతున్నాను. వాడి చేత గంజాయి మాన్పించమని మా అక్క రెండేళ్లు తిరిగింది. ఒకచోట డాక్టరు లేడు. ఇంకోచోట డబ్బు కట్టమన్నారు. అప్పుడు వాడి మీద ఏ కేసూ లేదు. ఎవరి సొమ్మూ ముట్టనివాడే. అప్పుడైనా ఇచ్చారా?

గోదారిగట్టు
సరే, ఉన్నమాట చెబుతాను. నాకు కేసులు పెరిగినా తగ్గినా ఒకటే. మాస్టారు చెప్పిన హారం సరైనదే అనుకుందాం, రేటు పెరిగిందే అనుకుందాం. అయినా నేను ఇదే అంటాను. తప్పు చెయ్యనివాళ్ల వంతు అయ్యాకే తప్పు చేసినవాళ్ల వంతు. ప్రభుత్వ సొమ్ముకి అదే వరస ఉండాలి.

మేనమామ_ఒకడు
ఈ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఇంతసేపూ లెక్కలు అడ్డంపెట్టుకున్నారు. నా మాట నేనూ చెబుతాను. జబ్బుకి మంచివాడు, చెడ్డవాడు అన్న తేడా ఉండకూడదు. ముందు ఆగిపోయే ప్రాణం ఎవరిదైతే వాళ్లకి ముందు.

చింతచెట్టు
ఎవరి ప్రాణం ముందు ఆగుతుందో ఎవరు చెబుతారు?

రాత్రిడ్యూటీ
అది మేం రోజూ చేసే పనే. క్యాజువాలిటీలో అలాగే చూస్తాం. ముందు ఊపిరి, తర్వాత రక్తం. సంకెళ్లతో తెచ్చిన ఖైదీకైనా అంతే. కానీ గట్టు తమ్ముడి కోపం కూడా నాకు తెలుసు. లైన్‌లో నోరు మెదపకుండా నిలబడ్డ పెద్దాయన్ని దాటి, కేకలేసేవాళ్లని ముందు చూడాల్సి వచ్చిన రాత్రులు ఉన్నాయి. ఇంటికెళ్లాక ఆ ముఖమే గుర్తొస్తుంది.

ఇప్పుడు పనికొచ్చేవి రెండు చెబుతాను. మేనమామ గారూ, బాలుడినన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు, తీర్పు వచ్చాక కూడా. అదే చట్టంలో 9వ సెక్షన్ చూడమని మీ వకీలుకి చెప్పండి. గట్టు తమ్ముడూ, నాన్నగారు ఏ బడిలోనైనా కొన్నాళ్లు చదివారా? పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు దొరికితే అక్కడినుంచి కాగితం తీసుకోండి. అదీ లేకపోతే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఇప్పుడైనా జనన నమోదు చేయించవచ్చు. ఈలోగా మాత్రలు మాత్రం ఆపనివ్వకండి. పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మందులకి డెబ్బై నిండక్కర్లేదు.

లెక్కలబడి
2022 కేసులకి 2011 నాటి పిల్లల సంఖ్యతో రేటు కట్టడం సరైనదా కాదా, దాని గురించి విడిగా రాస్తాను. ఇక్కడ ఇంక పొడిగించను.

గోదారిగట్టు
నాన్న నాలుగో తరగతి దాకా చదివారు అక్కా. ఆ బడి ఇంకా ఉంది. సోమవారం వెళ్తాను. మేనమామ గారూ, దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వరస విషయంలో మాత్రం నా మాట మారలేదు.

మేనమామ_ఒకడు
నాదీ మారలేదు. రిజిస్టర్‌లో పేరు దొరికితే ఇక్కడ రాయండి. ఏ ఆఫీసులో ఎవర్ని అడగాలో మాకు ఇప్పుడు బాగా తెలుసు.