‘నల్లనివాడు’ అన్నప్పుడు ఏ నలుపు?

అమలాపురం నుంచి:
పోతన దశమస్కంధంలో గోపికలు మల్లెపొదలను అడిగే పద్యం ‘నల్లనివాడు పద్మనయనంబులవాడు కృపారసంబుపైఁ జల్లెడువాడు’ వరకు నోటికి వస్తోంది. ఆ పైది అందడం లేదు. దానితోపాటు ఒక సందేహం. మా వైపు యూరియా బాగా అందిన వరిని చూసి ‘చేను నల్లబడింది’ అంటారు, కాని కంటికి కనిపించేది చిక్కని ఆకుపచ్చ. పోతన ‘నల్లని’ కూడా ఆ కోవలోదేనా, లేక కాటుక నలుపా?

తణుకు నుంచి:
తరువాయి ‘మౌళి పరిసర్పిత పింఛమువాడు’. ఇక ‘నల్లని’ ఇక్కడ సంస్కృత ‘శ్యామ’కు బదులుగా వచ్చిందని నా గట్టి నమ్మకం. పచ్చని చేలను సస్యశ్యామలం అనే భాషలో శ్యామ శుద్ధమైన నలుపు కానే కాదు.

రాజమహేంద్రవరం నుంచి:
మాస్టారూ, శ్యామ దాకా వెళ్లనక్కరలేదు. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన పద్ధతిలో ప్రతి రంగుకూ మూడు కొలతలుంటాయి: ఏ వర్ణమో చెప్పే హ్యూ, నలుపు 0 నుంచి తెలుపు 10 వరకు సాగే వేల్యూ, బూడిదరంగు నుంచి ఎంత దూరం జరిగిందో చెప్పే క్రోమా. మన ‘నల్ల’ మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్నే చెబుతుంది. ఆ పద్ధతిలోనే ఉండే మట్టి రంగుల పుస్తకంలో తడి నల్లమట్టిని పోల్చి చూడండి. 10వైఆర్ 3/1 (హ్యూ 10వైఆర్, వేల్యూ 3, క్రోమా 1) వంటి చోట కుదురుతుంది. వైఆర్ అంటే పసుపు-ఎరుపు! అదే మట్టి ఎండితే వేల్యూ పెరుగుతుంది, అందుకే తడిదీ పొడిదీ విడివిడిగా రాస్తారు. నల్లబడిన వరి ఆకు కూడా పసుపు-ఆకుపచ్చల పుటల్లోనే ఉండి, వేల్యూలో కిందికి దిగుతుంది.

భీమవరం నుంచి:
కొలత బాగుంది, కాని ఒక అడ్డంకి ఉంది. వేల్యూ బాగా తగ్గి నలుపుకు దగ్గరైన చోట క్రోమాకు చోటే తక్కువ, అక్కడ నీలిని నలుపు నుంచి విడదీయడం కంటికి కష్టం. కాబట్టి హ్యూను కవి వదిలేశాడా, కన్నే వదిలేసిందా అన్నది తేలదు. పైగా పోతన రంగును ఒంటరిగా ఎప్పుడు చూపాడు? రాముణ్ణి ‘మెఱుఁగు చెంగట నున్న మేఘంబు కైవడి’ అన్నాడు. మబ్బు నలుపు మెరుపు పక్కన పెరుగుతుంది. రంగు బిళ్లలను తటస్థమైన బూడిద నేపథ్యం మీద పెట్టి చూడాలనే నియమం ఈ పక్క ప్రభావాన్ని తప్పించడానికే. పోతన దాన్ని కావాలనే తెచ్చుకున్నాడు. గోపికలు నల్లనివాణ్ణి అడిగింది తెల్లని మల్లెలనే కదా!

తణుకు నుంచి:
మల్లెలు వచ్చింది ‘ల్ల’ ప్రాస కోసమండీ. నల్లని, జల్లెడు, రాజిల్లెడు, మల్లియ, వరుసగా చూడండి.

భీమవరం నుంచి:
ప్రాస కోసమే అయితే ‘నల్ల’ కూడా అందుకే వచ్చిందనాలి, అప్పుడు మీ శ్యామ నిలవదు.

అమలాపురం నుంచి:
వరికి నత్రజని చాలిందో లేదో చూసే ఆకురంగు పట్టీ నా దగ్గర ఉంది. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును ఎండ పడకుండా మన నీడలో ఉంచి పోల్చాలి. అందులో అన్నీ పచ్చలే, నలుపన్న గడి లేదు. అయినా చివరి గడికి సరిపోయిన చేనును మావాళ్లు నల్లగా ఉందనే అంటారు. రాజమహేంద్రవరం వారి మాటకే నా మొగ్గు, అయితే ప్రాస సంగతికి వారింకా జవాబివ్వలేదు.