అప్‌డేట్: పాప ఖాతా తెరిచాం, అజమాయిషీ మా దగ్గరే

పాప పేరున పొదుపు ఖాతా తెరవాలి, తీసే అధికారం మాత్రం మా చేతిలో ఉండాలి, ఎలా అని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. చివరికి సంరక్షకురాలిగా నా సంతకంతో నడిచే మైనర్ ఖాతా తీసుకున్నాం.

వడ్డీ రేట్ల తేడా గురించి పెద్దగా ఆలోచించలేదు. చిన్న మొత్తాలకు అది లెక్కలోకి రాదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది మీలో ఒకరు చెప్పిన మాట: పిల్లల పేరున వేసిన డబ్బు సాధారణంగా పిల్లలదే, మనం దాన్ని చూసుకునేవాళ్లం మాత్రమే. మేజర్ కాగానే మన అధికారం ముగుస్తుంది, తన గుర్తింపు పత్రాలు, సంతకం ఇచ్చి ఖాతాను తనే నడుపుకుంటుంది. బ్యాంకులో ఇదే గుచ్చి గుచ్చి అడిగాను. మీరూ తప్పక అడగండి.

కార్డు ఇచ్చారు. రోజువారీ పరిమితిని బాగా తగ్గించి, ఆన్‌లైన్ కొనుగోళ్లు ఆపేశాను. ప్రతి లావాదేవీకీ సందేశం నా ఫోనుకే వస్తుంది. ఖాతాలో ఉన్నంతే తీయగలం, అప్పులోకి వెళ్లే వీలు లేదు. అయితే ఖాతాలో ఎంత ఉందో పాప ఎప్పుడైనా చూసుకోవచ్చు. అది దాచకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటిసారి వడ్డీ పడినప్పుడు "ఇది ఎవరు వేశారమ్మా?" అని అడిగింది. ఆ ఒక్క వరుస చూపిస్తూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

పై చదువుల డబ్బు ఇందులో వేయడం లేదు. దాన్ని మా పేరున వేరే డిపాజిట్‌లో ఉంచాం.