స్త్రీ నపుంసక పురుష: ఆ వరస పోతనదేనా?

తేటగీతి:
నిన్నటి నుంచి ఒక పాదం నోట్లో నానుతోంది. పోతన భాగవతంలో గజేంద్రుడి మొరలో ‘పావకుం డర్చుల’ సీసం కింద వచ్చే ఎత్తుగీతి. ‘స్త్రీ పురుష నపుంసక మూర్తియును గాక’ అని వస్తోంది నాకు, కానీ ఎక్కడో కుంటుతోంది. అసలు పాఠం ఈ చర్చావేదికలో ఎవరైనా చెప్తారా?

ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆన్‌లైన్‌లో ఒక దరఖాస్తు నింపుతున్నాను. మొదటి గడిలోనే శ్రీ, శ్రీమతి, కుమారి. ఏదో ఒకటి నొక్కితే గానీ తర్వాతి పేజీ తెరుచుకోదు. తర్వాత పేరు, ఇంటిపేరు, రెండూ తప్పనిసరి. ఆ తర్వాత మళ్లీ ‘లింగం’. ఇవన్నీ ఇంత పట్టుబట్టి అడగాలా అన్నది వేరే ప్రశ్న. ముందు పద్యం సంగతి తేల్చండి.

యతిస్థానం:
‘స్త్రీ నపుంసక పురుష మూర్తియునుఁ గాక’. మీ వరసలో కుంటక ఏం చేస్తుంది? తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు కావాలి. రెండో గణం నగం, మూడోది సలం, రెండూ ఇంద్రగణాలే, అక్కడిదాకా ఎలాగో నెట్టుకొస్తారు. చివర మిగిలిన ‘యునుఁ గాక’ని రెండు సూర్యగణాలుగా (గురువు లఘువు, లేదా మూడు లఘువులు) విడగొట్టడం ఎవరి తరమూ కాదు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన యతి కూడా పోయింది. పోతన పాదంలో నాలుగో గణం ‘ర్తి’తో మొదలవుతుంది. స్త్రీలోని తకారానికి అదే మైత్రి. కింది పాదంలో ‘తిర్యగమర’కీ అదే ‘ర్తి’.

అరసున్న:
తకారానికే అని అంత ధీమాగా ఎలా చెప్తారండీ? స్త్రీలో స, త, ర మూడూ ఉన్నాయి. ‘ర్తి’లో ర, త రెండూ ఉన్నాయి. రేఫకి రేఫ కుదిరిందని నేనంటే కాదనగలరా? సంయుక్తాక్షరంలో ఏ హల్లుతో కుదిరినా యతి చెల్లుతుంది.

యతిస్థానం:
చెల్లుతుంది, కాదనను. కానీ కింది పాదం మొదటి అక్షరం ‘తి’. అక్కడ రేఫ ఎక్కడుంది? రెండు పాదాల్లోనూ ఒకే మాట మీద యతి నిలిపినప్పుడు కవి చెవిలో మోగింది తకారమే అనుకోవడం న్యాయం.

అరసున్న:
కవి చెవిలో ఏం మోగిందో మీకు తెలిసిందంటే ధన్యులు.

మూలం చూడండి:
వరస గురించి ఇంత లెక్క అక్కర్లేదు. మూలమైన సంస్కృత భాగవతంలోనే అలా ఉంది. అష్టమ స్కంధం మూడో అధ్యాయం, ‘స వై న దేవాసురమర్త్యతిర్యఙ్ న స్త్రీ న షండో న పుమాన్ న జంతుః’. స్త్రీ, షండ (నపుంసకుడు), పుమాన్ (పురుషుడు). పోతన ఆ క్రమం కదపలేదు, తేటగీతిలో అది చక్కగా కూర్చుంది. మనమే రోజూ ‘స్త్రీ పురుష’ అని జంటగా అనీ అనీ మూడోదాన్ని చివరికి తోసేశాం. దరఖాస్తులూ అదే చేస్తున్నాయి. పురుష, స్త్రీ, ఇతరులు. మొదటి రెండూ ఏకవచనం, మూడోది బహువచనం! నింపేది ఒక్క మనిషే కదా, ‘ఇతరులు’ అని గుంపుగా ఎందుకు రాశారో.

తేటగీతి:
ఇదీ నాకు కావలసింది. ‘షండో’ మధ్యలో ఉండటం ఛందస్సు కోసమా, అర్థం కోసమా?

గసడదవ:
నా సిద్ధాంతం ఒకటుంది. చాలా ఏళ్లుగా చెప్తున్నా, ఎవరూ వినరు. నపుంసకం అంటే ‘న స్త్రీ న పుమాన్’ అనే కదా విప్పుతారు. అటు స్త్రీ, ఇటు పుమాన్, రెంటినీ కాదనే మాట రెంటి మధ్యలో. విగ్రహవాక్యాన్నే పాదంగా పరిచినట్టుంది. పాణిని కూడా ఈ మాటని నకులం, నఖం, నక్షత్రాల సరసన ఒక ప్రత్యేక సూత్రంలో పెట్టాడు.

మూలం చూడండి:
గసడదవ గారూ, మూలంలో ఉన్నది షండ శబ్దం. మీ విగ్రహవాక్యం పోతన మాటకి సరిపోతుందేమో గానీ వ్యాసుడి వరసకి కారణం కాలేదు.

గసడదవ:
అయితే పోతన కావాలనే షండ వదిలి నపుంసక తెచ్చుకున్నాడు. నా మాట ఇంకా బలపడింది.

మూడో బెంచీ:
పెద్దలు క్షమించాలి, ఎవరూ అసలు తమాషా చూడట్లేదు. స్త్రీ కాదు, నపుంసకం కాదు, పురుషుడూ కాదు అన్నాడు. సరే. సీసంలో ఏమన్నాడు? ‘ఎవ్వఁడు’. గీతి చివర? ‘విభుఁ దలంతు’. మూడింటినీ కొట్టేసి చివరికి పుంలింగంలోనే సంతకం పెట్టాడు. భాషే ఒక దరఖాస్తు ఫారం. ఏదో ఒక గడి నొక్కకపోతే వాక్యం ముందుకు వెళ్లదు.

అరసున్న:
బాగా పట్టుకున్నారు. సంస్కృతంలోనూ ‘సః’ అనే మొదలైంది.

నిఘంటువు పురుగు:
వ్యాకరణ లింగాన్నీ మనిషి లింగాన్నీ కలిపేస్తున్నారు. భార్య అనే అర్థంలో ‘దారాః’ పుంలింగం, అదీ బహువచనం. ‘కలత్రం’ నపుంసకం. ‘భార్యా’ స్త్రీలింగం. ఒకే మనిషికి మూడు లింగాలు! ఏ దేవుణ్ణి అన్నా ‘దేవతా’ స్త్రీలింగమే. స్నేహితుడు ‘మిత్రం’, నపుంసకం. అసలు మగవాళ్ల పేరు ముందు రాసే ‘శ్రీ’ స్త్రీలింగ శబ్దం కాదూ? దరఖాస్తు తయారు చేసినవాళ్లకి ఇది చెప్తే ఏ గడి తీసేస్తారో చూడాలని ఉంది.

ఇక ‘శ్రీమతి’కీ పెళ్లికీ పుట్టుకతో సంబంధం లేదు. శ్రీ కలవాడు శ్రీమాన్, శ్రీ కలది శ్రీమతీ. అంతే. పెళ్లి అర్థం తర్వాత వచ్చి కూర్చుంది. ఇంగ్లిష్‌లోనూ ఇదే కథ. మిసెస్, మిస్ రెండూ ‘మిస్ట్రెస్’ అనే ఒక్క మాటకి పొట్టి రూపాలు.

కొత్తగా చేరాను:
శ్రీ + మతి, అంటే మంచి బుద్ధి కలది అని మా తెలుగు టీచర్ చెప్పేవారు. అది తప్పా?

నిఘంటువు పురుగు:
సమాసం చేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ అప్పుడది హ్రస్వాంతం. మనం వాడేది ‘తీ’ దీర్ఘం తెలుగులోకి వచ్చి పొట్టిదైన రూపం. తెలుగులో రెండూ ఒకేలా వినిపించడం వల్ల వచ్చిన చిక్కు.

యతిస్థానం:
ఆ ‘తి’ దగ్గర ఆగితే ఇంకో వంద ఉత్తరాలు నడుస్తాయి. వదిలేద్దాం.

కొత్తగా చేరాను:
ఒక్కటి అడిగి ఊరుకుంటా. కుమారి అని అడుగుతారు, పెళ్లికాని మగవాళ్లకి ‘కుమార’ గడి ఎందుకుండదు? ఉద్యోగానికీ, బ్యాంకు ఖాతాకీ నా పెళ్లి సంగతి ఏం పని? అంత అవసరమైతే వివాహ స్థితి అని విడిగా అడగొచ్చు. పేరుకి ముందు తోకలా తగిలించడం దేనికి?

పాత చేతిరాత:
అమ్మా, తోక ముందుండదు. ఆ సంగతి అటుంచి, నేను వేరే మాట చెప్తా. ఒక మనిషికి ఉత్తరం రాయాలంటే సంబోధన కావాలి. ఉత్తి పేరుతో పిలవడం నాకు చేతకాదు. శ్రీ అనో శ్రీమతి అనో రాయడంలో మర్యాద ఉంది. అది అవమానం ఎప్పుడైందో నాకు అంతుపట్టదు. అడగటం తప్పు కాదు.

మూడో బెంచీ:
పాత చేతిరాత గారూ, అడగటం తప్పని ఎవరన్నారు? చెప్పకపోతే తలుపు తెరవకపోవడం దగ్గరే గొడవ. మర్యాద అన్నారు కాబట్టి చెప్తున్నా, మర్యాదకి తెలుగులో ‘గారు’ ఉంది. ఆడా, మగా, పెళ్లయిందా, లేదా, ఏమీ అడగదు. మీరు ఇప్పుడు నన్ను గారు అనొచ్చు, నేనెవరో మీకు తెలియకుండానే. ‘వారు వచ్చారు’లో లింగం ఎక్కడుంది? చిన్నయసూరి ఏకవచనంలో స్త్రీని పశువుతో, జడంతో కలిపి అమహత్తు చేశాడని తిట్టుకుంటాం. నిజమే, ‘ఆమె వచ్చింది, బస్సు వచ్చింది’ అనే అంటున్నాం. కానీ బహువచనం దగ్గరికి వచ్చేసరికి మనుషులందరూ ఒకటే. తెలుగులో గౌరవం అంటేనే బహువచనం. కనుక మన భాషలో గౌరవించినప్పుడల్లా లింగం దానంతటదే చెరిగిపోతుంది. పెళ్లికాని ఆడవాళ్లకి వాడే మాటల్నే చూడండి. ఫ్రాన్స్ 2012లో ప్రభుత్వ పత్రాల నుంచి ‘మద్‌మొజెల్’ని తీసేసింది. పశ్చిమ జర్మనీ అంతకుముందే, 1972లో, ‘ఫ్రాయ్‌లైన్’ని పక్కన పెట్టింది. ఇంగ్లిష్‌వాళ్లు లింగం చెప్పని ‘మిక్స్’ అనే బిరుదు పుట్టించుకుంటే 2015లో ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ నిఘంటువులోకి ఎక్కింది. వాళ్లు అంత కష్టపడి తెచ్చుకున్నది మన దగ్గర పేరు చివర ఊరికే ఉంది.

గసడదవ:
ఆహా, గారు! ఇది నా సొంత పొలం. ‘వారు’ మారి ‘గారు’ అయిందని అందరూ అంటారు. వకారం గకారం ఎలా అవుతుందో ఒక్కరూ చెప్పరు. ‘కారు’ అనే రూపం నుంచి సరళాదేశంతో, అంటే కకారం గకారమై, వచ్చిందని నా వాదన.

అరసున్న:
మీ సభ్యనామం చూస్తేనే తెలుస్తోంది ఆ వాదన ఎటు పోతుందో. ‘అయ్యవారు, అయ్యగారు’, ‘దొరవారు, దొరగారు’ పక్కపక్కనే ఉన్నాయి కదా, వాటి సంగతేమిటి?

గసడదవ:
అదే నా సాక్ష్యం! ఒకటి ఇంకోదానిగా మారి ఉంటే రెండూ ఎందుకు మిగుల్తాయి? పైగా అర్థం కూడా ఒకటి కాదు. అయ్యవారు పాఠం చెప్తారు, అయ్యగారు పని చెప్తారు.

నిఘంటువు పురుగు:
రెండు రూపాలు మిగలడం భాషలో వింతేం కాదు. అది సాక్ష్యం కాదు.

లెక్కల మనిషి:
నాకు ఛందస్సు రాదు, కానీ ఈ గడుల వెనక ఏం జరుగుతుందో కొంచెం తెలుసు. 2020 జులైలో బ్రిటన్ నుంచి బయలుదేరిన ఒక విమానంలో ప్రయాణికుల బరువు లెక్క తప్పింది. ‘మిస్’ అని రాసుకున్న 38 మంది పెద్ద ఆడవాళ్లని సాఫ్ట్‌వేర్ పిల్లల కింద లెక్కేసింది. ఆ ప్రోగ్రామ్ రాసిన దేశంలో మిస్ అంటే చిన్నపిల్లట. లెక్కలో 1,244 కిలోలు తగ్గాయి. విమానం క్షేమంగానే వెళ్లింది, దర్యాప్తు మాత్రం జరిగింది. అంటే మర్యాద కోసం అడిగిన గడిని ఎవరో వయసు కోసం వాడేసుకున్నారు. ఒక మాటకి అడిగినవాడి దగ్గర ఒక అర్థం, వాడుకున్నవాడి దగ్గర ఇంకో అర్థం. వయసు కావాలంటే వయసే అడగాలి.

పేర్ల సంగతీ ఇంతే. ‘ఇంటిపేరు తప్పనిసరి’ అని పెట్టినవాళ్లు సుకర్ణో, సుహార్తోల గురించి వినలేదేమో. ఇద్దరూ ఇండోనేషియాకి అధ్యక్షులుగా చేశారు, ఇద్దరివీ ఒంటి పేర్లు. ఒంటిపేరు మనిషి వెబ్‌సైట్ ముందు కూర్చుంటే పేరునే రెండుసార్లు కొడతాడు, లేదా చుక్క పెడతాడు. ఆ చుక్క ఇక జీవితాంతం ఆయన ఇంటిపేరు. ఇంకో వింత ఏమిటంటే, ఆ ఇండోనేషియాలోనే 2022లో పేరుకి కనీసం రెండు మాటలుండాలని నిబంధన తెచ్చారు.

పాత చేతిరాత:
విమానం సంగతి విని నవ్వాలో భయపడాలో తెలియలేదు. అయినా మనిషిని గుర్తుపట్టడానికి ఏదో ఒక కట్టుబాటు ఉండాలి కదా. ఎవరికి తోచిన పేరు వాళ్లు, తోచిన గుర్తుతో రాసుకుంటే రికార్డులు ఎలా నిలుస్తాయి?

లెక్కల మనిషి:
గుర్తుపట్టడానికి పుట్టిన తేదీ, ఫొటో, గుర్తింపు సంఖ్య ఉన్నాయండీ. శ్రీమతి అని రాసినంత మాత్రాన ఎవరూ ఎవర్నీ గుర్తుపట్టలేదు. పాస్‌పోర్టుల అంతర్జాతీయ ప్రమాణంలోనే ఆడ, మగ కాక ‘ఎక్స్’ అని రాసే వీలుంది. బిరుదు లేకపోతే పాస్‌పోర్టు ఆగదు.

మూలం చూడండి:
ఐస్‌లాండ్ ఉదాహరణ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ ఇంటిపేరు బదులు తండ్రి లేదా తల్లి పేరుకి ‘కొడుకు’, ‘కూతురు’ అని చేరుస్తారు, అంటే పేరులోనే లింగం. 2019 చట్టం తర్వాత లింగాన్ని తటస్థంగా నమోదు చేసుకున్నవాళ్లు ‘బుర్’ అని చేర్చుకోవచ్చు. సంతానం అని అర్థం. పాత మాటే, కొత్త పని.

సరే, పద్యంలోకి రండి. మీరందరూ ‘స్త్రీ నపుంసక’ దగ్గరే ఆగిపోయారు. చివరి పాదం చూశారా? ‘వెనుక నన్నియుఁ దా నగు విభుఁ దలంతు’. ఈ ‘వెనుక’ ఏమిటి? మూలంలో ‘నిషేధశేషో జయతాదశేషః’. ఇది కాదు, ఇది కాదు అని అన్నీ కొట్టేశాక మిగిలేది నిషేధశేషం. అది ‘వెనుక’. అశేషః అన్నది ‘అన్నియుఁ దా నగు’. ఒక్క చిన్న తెలుగు మాటలో అంత పెద్ద సమాసాన్ని పెట్టేశాడు మహానుభావుడు.

గసడదవ:
ఒప్పుకోను. ‘గాక’ అంటే ఇక్కడ ‘అంతేకాకుండా’ అని. ‘అదీ కాక’ అంటామే, అలా. స్త్రీ మూర్తీ, నపుంసక మూర్తీ, పురుష మూర్తీ అయి, అంతటితో ఆగకుండా అన్నీ తానైనవాడు. అప్పుడు ‘వెనుక’ అంటే ‘ఆపైన’. కొట్టేయడం లేదు, కలుపుకోవడమే ఉంది.

మూలం చూడండి:
మూలంలో వరసగా అన్ని నకారాలు పెట్టుకుని కలుపుకోవడం అంటే ఎలా?

గసడదవ:
అనువాదం వేరు, పోతన వేరు. మూలంలో ఉన్నదే రాస్తే పోతన ఎందుకు?

మూడో బెంచీ:
దరఖాస్తు భాషలో చెప్పాలంటే, మూలం చూడండి గారిది ‘ఏదీ కాదు’ గడి, గసడదవ గారిది ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ గడి.

యతిస్థానం:
గసడదవ గారి అన్వయంలో మూడో పాదం ఏమవుతుందో చెప్పమనండి. ‘కర్మ గుణ భేద సదసత్ప్రకాశి గాక’. అక్కడ ‘మూర్తియును’ లేదు, ఉత్త ‘గాక’. ‘అంతేకాకుండా’ అని చదివితే అతకదు.

గసడదవ:
అతుకుతుంది. ‘ప్రకాశి’ దగ్గర సముచ్చయం, అంటే కలుపుకునే ‘యును’, లోపించింది, పై రెండు పాదాల నుంచి తెచ్చుకోవాలి. అది నేను రేపు వివరంగా రాస్తా. గారు మీద కూడా విడిగా మొదలుపెడతా, ఇక్కడ ఎవరూ సరిగ్గా వినలేదు.

తేటగీతి:
రాయండి. నేను ఈలోపు ఆ దరఖాస్తులో ఏది నొక్కాలో చెప్తారా ఎవరైనా? గడువు ఈ రాత్రికే.

అరసున్న:
‘శ్రీ’ నొక్కండి. నిఘంటువు పురుగు గారు చెప్పారుగా, స్త్రీలింగమేనని.

పాత చేతిరాత:
అరసున్న గారూ, వేళాకోళం వద్దు. తేటగీతి గారూ, తమరు శ్రీయా, శ్రీమతియా?

తేటగీతి:
అది చెప్పాలనిపించకే కదండీ ఇక్కడికి వచ్చింది.