ఇండెంట్‌లో 1330 పీకు: బోరాన్ కార్బైడ్ స్ఫటికం కూలిందనా, గ్రాఫైట్ ముందే ఉందనా?

కాకినాడ లెక్చరర్:
బోరాన్ కార్బైడ్ అంటే బోరాన్, కార్బన్‌ల అతి గట్టి సిరామిక్. దాని పొడిని వేడిలో నొక్కి (హాట్ ప్రెస్) చేసిన బిళ్ల మీద కిలో లోడుతో వికర్స్ ముద్ర (వజ్రపు మొనతో నొక్కిన గుంట, ఇండెంట్) వేసి రామన్ (లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి బంధాలను గుర్తించే కొలత) తీస్తే, ముద్ర లోపల 1330, 1520, 1810 తరంగసంఖ్యల (సెం.మీ.⁻¹) దగ్గర కొత్త పీకులు లేస్తాయి. ముద్ర బయట 480, 530, 1088 మాత్రమే. మన జిల్లాల ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో కొందరు దీన్ని స్ఫటికం కూలడం (పరమాణువుల వరుస చెదిరి అస్ఫటికం కావడం) అంటున్నారు, కొందరు గ్రాఫైట్ అంటున్నారు. ఏ మాట నిలబడుతుంది?

భీమవరం ల్యాబ్:
కూలిందేనండి. తూటా దెబ్బ తిన్న ముక్కల్లో 2, 3 నానోమీటర్ల వెడల్పున్న అస్ఫటిక పట్టీలను చెన్, మెకాలీ, హెమ్కర్ 2003లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించారు. గ్రాఫైట్ ప్రధాన పీకు, అంటే జి పీకు, ఉండాల్సింది 1580 దగ్గర. 1810 దగ్గరైతే గ్రాఫైట్‌కి ఏమీ లేదు.

రాజమండ్రి సిరామిక్స్:
అంత తొందరగా తేల్చేయకండి. ఎర్ర లేజర్ (633 నానోమీటర్లు) వాడితే గ్రాఫైట్‌లో లోపాల వల్ల వచ్చే డి పీకే 1330కి దిగుతుంది. కార్బన్ బాగా చెదిరితే జి కూడా 1520 దాకా జారుతుంది. పైగా డైమండ్ పేస్టుతో పాలిష్ చేశారు కదా, రంధ్రాల్లో ఇరుక్కున్న వజ్రపు నలుసు 1332 దగ్గర సన్నని గీత ఇస్తుంది. గ్రాఫైట్ అచ్చులో (డైలో) నొక్కిన బిళ్ల పై పొరలోకి కార్బన్ ఎక్కుతుంది, దాన్ని గ్రైండ్ చేసి తీయకుండా కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు.

అమలాపురం మాస్టారు:
ఇద్దరూ లేజర్ దగ్గరే ఆగిపోయారు. లేజర్‌ని 532 (ఆకుపచ్చ) నుంచి 633కి మార్చినప్పుడు 1330 పీకు ఓ 20 కిందికి జరిగితే అది కార్బన్ వలయాలదని తెలుస్తుంది. ఆ కార్బన్ ముందే ఉందా, కూలినప్పుడు బయటపడిందా అన్నది మాత్రం తెలియదు. అసలు తగువు అక్కడుంది.

బోరాన్ ఎక్కువున్న బిళ్ల తీసుకోండి, పరమాణువుల లెక్కన 13 శాతం కార్బన్‌ది. ఈ పదార్థం 9 నుంచి 20 శాతం దాకా ఒకే దశగా ఉంటుంది కాబట్టి, సరిగ్గా కలిసిన 13 శాతం బిళ్లలో విడి గ్రాఫైట్‌కి చోటు లేదు. పై పొర తీసి, పాలిష్ అయ్యాక ఎసిటోన్‌లో అల్ట్రాసోనిక్ కంపనాలతో కడగండి. ముద్ర వేయకముందే అదే చోట ఒక రామన్ మ్యాప్ (చుక్క చుక్కకీ కొలత), వేశాక ఒక మ్యాప్. లేజర్ పవర్ తక్కువ పెట్టండి, ఎక్కువైతే పగుళ్ల దగ్గర పొడి కాలి కొత్త కార్బన్ పుడుతుంది. రెండో మ్యాప్‌లోనే 1330, 1810 కలిసి వస్తే గ్రాఫైట్ వాదన వీగిపోయినట్టే.

భీమవరం ల్యాబ్:
ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ కూలేది ఏ గొలుసు? ఈ స్ఫటికంలో ఐకోసాహెడ్రాన్‌లను (12 పరమాణువుల గుత్తులను) కలిపే మూడు పరమాణువుల గొలుసులో మూడూ కార్బన్‌లైన రూపం సుమారు 6 గిగాపాస్కల్స్‌కే అస్థిరమవుతుందని 2006లో ఫాంచినీ బృందం లెక్కగట్టింది కదా?

రాజమండ్రి సిరామిక్స్:
ఆ రూపం నమూనాలో కొద్దిపాటిదే. 2009లో ఏక స్ఫటికాన్ని అన్ని వైపులా సమానం కాని ఒత్తిడిలో పెట్టి చూస్తే, అస్ఫటిక పట్టీలు ఒత్తిడి తగ్గించేటప్పుడే పుట్టాయి. కార్బన్-బోరాన్-కార్బన్ గొలుసులో మధ్య బోరాన్ పరమాణువు పక్కకి వంగి, ఒత్తిడి తీసినా తిరిగి నిటారు కాలేదని అనుకరణల్లో తేలింది. నాకు ఇదే బలంగా కనిపిస్తోంది. ముద్రను కూడా లోడు తీశాకే చూస్తాం కదా, కూలడం నొక్కేటప్పుడు జరిగిందో వదిలేటప్పుడు జరిగిందో ఆ కొలత చెప్పలేదు.

కాకినాడ లెక్చరర్:
ఇంకొక్కటి. వానాకాలంలో డబ్బా తెరిచిన పొడిలో 880 దగ్గర పీకు. కొత్త దశా?

అమలాపురం మాస్టారు:
కాదండి, బోరిక్ ఆసిడ్. పొడి మీదున్న ఆక్సైడ్ పొర మన కోనసీమ తేమకి అలా మారుతుంది. మిథనాల్‌తో కడిగి, వేడిచేసి ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టండి. కడగకుండా హాట్ ప్రెస్‌కి వేస్తే ఆ ఆక్సైడే రేణువులు అతుక్కోకుండా అడ్డుపడి రంధ్రాలు మిగులుస్తుంది, వజ్రపు నలుసులు మళ్లీ వాటిలోనే ఇరుక్కుంటాయి.